ఆయన లేచేసరికి

"ఆసియా, ఇంగ్లీషులో ఆ 'హ్యాడ్' ఎక్కడ పెట్టాలో ఇంకొక్కసారి చెప్పు," అంటూ నవీద్ తల తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. నేను పప్పు దాల్చాలో చింతపండు పులుసు పోస్తున్నాను. ఇవాళ ఆదివారం. ఆయన ఇన్‌స్టిట్యూట్‌లో తల్లిదండ్రుల ముందు డెమో క్లాసు. అదయ్యాక వాళ్ళలో పెద్దమనుషులనిపించుకునే నలుగురు మా ఇంటికి భోజనానికి వస్తారు. వాళ్ళకి వినిపించే పాఠమూ నేనే వండాలి, వాళ్ళు తినే దాల్చా కూడా నేనే వండాలి.

నరసరావుపేట బస్టాండు పక్కన మేడ మీద 'నవీద్ సార్ స్పోకెన్ ఇంగ్లీష్' అని ఇంతెత్తు ఫ్లెక్సీ ఉంటుంది. సార్ చదివింది బీకాం. గొంతు మాత్రం బంగారం. ఎమ్మే ఇంగ్లీష్ చదివిన నేను ఫ్లెక్సీలో ఏ మూలా లేను. పెళ్ళయినప్పటి నుంచీ పొద్దున్నే చపాతీలు ఒత్తుతూ నేను పాఠం చెప్పడం, ఆయన టీ తాగుతూ వినడం, వెళ్ళి అదే మాట పిల్లలకి చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం. దీన్నే మా ఇంట్లో నవీద్ కష్టపడి పైకొచ్చాడంటారు.

"గతంలో రెండు పనులు జరిగితే, ముందు జరిగిపోయినదానికి హ్యాడ్," అన్నాను. "ఒక్క పనే చెప్పేటప్పుడు అక్కర్లేదు."

"మరి నిన్న నేను చిలకలూరిపేట వెళ్ళానంటే? ఐ హ్యాడ్ గాన్ కదా?"

"కాదు. ఐ వెంట్ చాలు. ఇంట్లో ఉర్దూలో వెళ్ళానని చెప్పడానికి 'గయా థా' అంటాం కదా, ఆ 'థా'ని తీసుకెళ్ళి ఇంగ్లీషుకి తగిలిస్తున్నారు మీరు."

ఆయన మొహం ముడుచుకుంది. ఒకసారి ఓ పిల్లాడి తల్లి ముందు ఇదే తప్పు దిద్దానని చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. అప్పుడు మా అత్తగారు బషీరున్నీసా బేగం అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "మొగుడికి తప్పులు దిద్దే ఆడదాన్ని నిన్నే చూస్తన్నా. నీ సదువు నీ పొయ్యికాడ పెట్టుకో." అలాగే పెట్టుకున్నాను. పొయ్యి దగ్గర పెట్టిన చదువు ఆయన కడుపుకే పోతోంది.

"సరేలే. మేం వచ్చేసరికి రైలు వెళ్ళిపోయింది, అదంతా పాతది. కొత్త ఉదాహరణ ఒకటి పడెయ్."

మునిసిపల్ నీళ్ళు చీకటితోనే వస్తాయి. నా చేతులకి ఇంకా బిందెల నొప్పి ఉంది. నోటికి అదే వచ్చింది. "ఆయన లేచేసరికి ఆమె నీళ్ళు పట్టేసింది. బై ది టైమ్ హీ వోకప్, షీ హ్యాడ్ ఫెచ్‌డ్ ది వాటర్."

"అబ్బ! బాగుంది," అని ఫోన్‌లో ఎక్కించుకున్నాడు. ఆమె ఎవరని అడగలేదు. ఎందుకడుగుతాడు? ఆయన లేవడం కనిపిస్తుంది. నీళ్ళు ఉన్నాయి, అంతే. చుట్టాలు రావడం కనిపిస్తుంది. ఇల్లు ఊడ్చి ఉంది, అంతే. ఈ ఇంట్లో అందరికంటే ముందు జరిగిపోయేది నా పని, కాబట్టి ఎవరూ దాన్ని చూడలేదు. ఒక్క తిండి మాత్రం అందరి తర్వాత. మగవాళ్ళు తిని, అత్తగారు తిన్నాక మెడ ముక్క, గిన్నెకి అంటుకున్న మాడు నాకు. ఆసియాకి మాడంటే చానా ఇష్టమని అత్తగారు వచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది. నాకు అసహ్యం.

ఇవాళ నాకూ ఒక డెమో క్లాసు ఉంది. ఊళ్ళోనే, ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీలో, పదకొండింటికి. అక్కడ లెక్కలు చెప్పే మెహ్జబీన్ అక్క నన్ను ఉద్యోగానికి చూడమని కాలేజీవాళ్ళని ఒప్పించింది. పోయినేడూ ఒప్పించింది, నేను వెళ్ళలేదు. "ఈసారి రాకపోతే ఇంక నీ పేరెత్తరమ్మా," అని ముందే చెప్పింది. నవీద్‌కి గురువారమే చెప్పాను.

"ఆదివారమా? మరి వంటో? వచ్చే ఏడు చూద్దాంలే. అయినా నీకు వేరే ఉద్యోగమేంది, మన ఇన్‌స్టిట్యూట్‌లోనే ఉన్నావుగా."

"ఎక్కడున్నాను?"

"ఉన్నావులే, వెనకాల."

ఆయన బండి వీధి మలుపు తిరిగాక కోడికూర దించాను. బగారా అన్నం మూత తీశాను. ఇంట్లో ఎన్ని గిన్నెల మూతలు తీశానో, మొదటి గరిట మాత్రం ఎప్పుడూ నాకు కాదు. పళ్ళెం తెచ్చుకున్నాను. పైపైన పొగలు కక్కే అన్నం, దాని మీద దాల్చా, మంచి తొడ ముక్క వేసుకుని హాల్లో భోజనాల గుడ్డ, దస్తర్‌ఖాన్ పరుచుకుని కూర్చున్నాను.

తస్బీ పూసలు తిప్పుకుంటున్న అత్తగారి వేళ్ళు ఆగిపోయాయి. "ఏమే! ఏంది ఇది? ఇంకా మగోళ్ళు రాలా. వాళ్ళు ముట్టకముందే నువ్వు ముద్ద పెడితే ఇంట్లో సిరీ బర్కత్ ఉంటదా?"

"ఇన్నేళ్ళు ఆఖర్న తిన్నాను కదమ్మీ. నాకేం బర్కత్ వచ్చింది?"

"పిచ్చి పట్టిందా నీకు?"

"ఆకలి పట్టింది."

నిదానంగా తిన్నాను. వేడి అన్నం ఇంత రుచిగా ఉంటుందని మర్చిపోయాను. సిగ్గులేని కన్నీళ్ళు వచ్చాయి, తుడుచుకుని ఇంకో గరిట వేసుకున్నాను. చెయ్యి కడుక్కుని, బురఖా వేసుకుని, సర్టిఫికెట్ల సంచీ తీసుకున్నాను. "గిన్నెలన్నీ మూతలు పెట్టి ఉన్నాయి. వడ్డించుకోండి," అన్నాను. నేను ఆటో ఎక్కేదాకా ఆవిడ వెనక నుంచి అరుస్తూనే ఉంది.

ఆటో పల్నాడు రోడ్డెక్కగానే ఫోన్ మోగింది. నవీద్. క్లాసు బయటికొచ్చినట్టున్నాడు, గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"ఆసియా, కొంప మునిగింది. ఎవరో ధరణి అంట, మొండి పిల్ల. ఆ నీళ్ళు పట్టిన ఆమె ఎవరు సార్, ఆయన లేచి ఎందుకు పట్టడు అంటంది. తల్లులంతా ఒకటే నవ్వు. ఏం చెప్పను? తొందరగా చెప్పు."

నా పాఠాన్ని మొదటిసారి ఒక పిల్ల సరిగ్గా విన్నది.

"ఆమె పేరు ఆసియా అని చెప్పండి," అన్నాను. "సార్ లేచేసరికి నీళ్ళు పట్టేసింది. చుట్టాలు వచ్చేసరికి అన్నం తినేసింది. సార్ ఫోన్ చేసేసరికి ఇంట్లోంచి వెళ్ళిపోయింది. మూడు చోట్లా హ్యాడ్ పెట్టండి."