గేము పెట్టెకు ఒక్క స్విచ్చి

హోసూరు బస్టాండు వెనక మునియప్ప పదేళ్లు నడిపిన వీడియో గేముల అంగడి మూతపడింది. పిల్లకాయలంతా ఇంటర్నెట్ సెంటర్ల మీద పడినాక, టోకెన్ వేసి ఆడే పెట్టెల దగ్గరికి ఈగ కూడా రాలేదు. పెట్టెలన్నీ గుజరీవాడు పాత ఇనుము కింద ఎత్తుకుపోయినాడు. ఒక్కటి మాత్రం టమోటా బుట్టలు మోసే టెంపో ఎక్కి బేరిగైలోని ఇంటికి వచ్చింది. అది నంజమ్మ పెట్టె.

నంజమ్మ మునియప్ప తల్లి. అంగట్లో టోకెన్లు ఇవ్వడానికి కూర్చునేది. బేరం లేని మధ్యాహ్నాల్లో ఊరికే ఉండలేక విమానాలను కాల్చే ఆట నేర్చుకుంది. కాలేజీ పిల్లకాయలు ఆమెతో పోటీకి దిగి ఓడిపోయి, అవ్వకు కండ్లు వేలి కొసల్లో ఉన్నాయని ఎగతాళి చేసేవాళ్లు. అంగడికి బీగం వేసిన రోజునుంచి ఆమె మాట తగ్గిపోయింది, కూడు తగ్గిపోయింది. ఆవు పాలు పిండుకొచ్చి గోడకానుకుని కూర్చోవడమే పని. పెట్టె ఇంట్లో దిగినాకే మళ్లీ మనిషయింది.

కానీ ఆ పెట్టెకు తోకలు ఎక్కువ. లోపలి టీవీకి ఒక వైరు, గేము బోర్డుకు ఒకటి, స్పీకర్లకు ఒకటి, పైన వెలిగే ట్యూబ్‌లైటుకు ఇంకొకటి. వెనక చూస్తే సేమియా కుమ్మరించినట్టు ఉండేది. ఆట అయినాక నంజమ్మ మోకాళ్ల మీద దూరి ఒక్కొక్క ప్లగ్గూ పెరికేది. ఒకరోజు అట్లా దూరి లేవలేకపోయింది. కోడలు కాళమ్మ వచ్చి చంకల కింద చేతులు వేసి లాగితే గానీ బయటపడలేదు.

ఆ సాయంత్రం కాళమ్మ మొగుడికి తేల్చి చెప్పింది.

"ఒకే స్విచ్చి పెట్టు. అత్త నిలబడి వెయ్యాల, నిలబడి ఆర్పాల. అది మాత్రం ఒక్కసారి ఆమెకు షాకు కొట్టిందా, గుజరీవాడికి నేనే ఫోన్ చేస్తా."

చేస్తుంది. అంగడి మునిగేదానికి రెండేళ్ల ముందే పెట్టెలు అమ్మేయమని చెప్పింది ఆమే. మునియప్ప వినలేదు. చెప్పిన మాట నిజమైపోయిన పెళ్లాంతో ఒకే ఇంట్లో కాపురం ఎట్లా ఉంటుందో ఆయనకు బాగా తెలుసు.

మరునాడు పనిలోకి దిగినాడు. నాలుగు తోకలనూ పెట్టె లోపలే కలిపి ఒకే లైను చేసినాడు. తల్లి చేతికి సరిగ్గా అందే ఎత్తున పక్క పలకను తొలిచి పెద్ద స్విచ్చి బిగించినాడు. లైనును నేరుగా గోడ బోర్డులో కలపాలని, మెయిన్ దించి మూత విప్పినాడు. లోపల రెండు వైర్లూ ఎర్రవే.

అది నంజమ్మ చలవ. ఇల్లు కట్టినప్పుడు, కరెంటు తిరిగిపోయేదానికి వేసే నల్ల వైరును కొత్త గోడల్లోకి పోనియ్యనని అడ్డం కూర్చుంది. నల్లది ఇంట్లో దూరితే మంచిది కాదంట. వైరింగు చేసిన అంకప్ప ఆమెతో వాదించలేక ఇల్లంతా ఎర్ర వైరే లాగినాడు. గుర్తు కోసం ప్రతి బోర్డులోనూ ఒక వైరుకు పసుపు దారం కట్టినాడు.

స్విచ్చి తెంచాల్సింది కరెంటు వచ్చే వైరును. తిరిగిపోయే వైరును కాదు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మునియప్పకు కూడా ఆ మాత్రం తెలుసు. ఏది వచ్చేది, ఏది పోయేది? టెస్టరు అంగడి సామాన్లలో యాడో కలిసిపోయింది. వెతకడం దేనికి, దారం ఉంది కదా అనుకున్నాడు. పసుపు దారం దేనికి కడతారు? శక్తి ఉన్నదానికి, భయపడాల్సినదానికి. దారం ఉన్న వైరే కరెంటు వైరని దాన్నే స్విచ్చికి కలిపినాడు.

నంజమ్మ నిలబడి స్విచ్చి వేసింది. టీవీ, పాట, పైన లైటు ఒక్కసారిగా లేచినాయి. ఆర్పింది. అన్నీ ఒక్కసారిగా పడుకున్నాయి. కాళమ్మ వంటింటి గడపలో నిలబడి చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. అదే పెద్ద మెప్పు.

రెండు రోజులు బాగానే గడిచినాయి. మూడోనాడు పొద్దున నంజమ్మ ఆట ముగించి, చేయి విదిలించుకుంటూ కొడుకుతో అన్నది, వయసయింది, వేళ్లు జివ్వుమంటున్నాయి అని. ఆడేటప్పుడా అని అడిగినాడు మునియప్ప. కాదంది. ఆర్పినాకే, టోకెన్ వేసే ఆ ఇనుప తలుపు ముట్టుకుంటే అంట. చెబుతూనే బకెట్లో గుడ్డ ముంచి పిండింది. పెట్టెను రోజూ తడిగుడ్డతో తుడవడం ఆమెకు అంగడినాటి అలవాటు. పాలు పిండొచ్చిన కాళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

"ముట్టొద్దమ్మా."

ఆ గొంతు తనదేనా అనిపించింది మునియప్పకు. తల్లి చేతిలో గుడ్డ లాగేసినాడు. చెప్పులు తొడుక్కుని, వేలి వెనకతో ఆ తలుపును అంటీ అంటనట్టు తాకినాడు. జివ్వుమంది. స్విచ్చి ఆర్పే ఉంది. మెయిన్ దించి, సైకిలెక్కి, ఊరి నడుమ మోటార్లు బాగుచేసే అంకప్ప దగ్గరికి పోయినాడు.

అంకప్ప వచ్చి మూత విప్పి చూసినాడు.

"దారం కట్టినదాన్నా స్విచ్చికి ఇచ్చింది?"

"అదే కదప్పా కరెంటు వైరు."

"పసుపు కట్టినది యాడన్నా కరుస్తాదా? అది తిరిగిపోయేది, సాధువు. ముట్టినా ఏమీ అనదు, అందుకే కట్టినాను. కరిచేదానికి ఎవడన్నా పసుపు కడతాడా?"

"మేము కరిచేదానికే కడతాము," అన్నాడు మునియప్ప.

అంకప్ప నవ్వినాడు. మునియప్పకు నవ్వు రాలేదు. రెండు రోజులుగా ఆయన పెట్టిన స్విచ్చి ఆటను ఆర్పింది గానీ కరెంటును ఆర్పలేదు. తిరిగిపోయే దారి తెగి, అది ఇనుప తలుపు దాకా వచ్చి, తడి చేయి కోసం కాచుకుని కూర్చుంది. మునియప్ప అంకప్ప చెప్పినట్టు వైర్లు మార్చినాడు. బోరు మోటారు పక్కన పాతిన కడ్డీనుంచి ఎర్తు లాగి పెట్టె ఇనుముకు బిగించినాడు. మెయిన్ ఎత్తినాక అంకప్ప స్విచ్చి ఆర్పి, తలుపు మీదా స్విచ్చి దాటినాక లోపలి ప్రతి కొస మీదా టెస్టరు పెట్టి చూసినాడు. యాడా వెలగలేదు.

అప్పుడు చూసినాడు మునియప్ప. కాళమ్మ గడపలో ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. నంజమ్మ పెట్టెను ఆనుకుని నిలబడింది. ఎవరో ఎత్తుకుపోవడానికి వచ్చినట్టు దాని అంచు పట్టుకుంది.

కాళమ్మ వచ్చి ఇనుప తలుపు మీద అరచెయ్యి మొత్తం పరిచి పెట్టింది. స్విచ్చి ఆర్పి పెట్టింది, వేసి పెట్టింది, మళ్లీ ఆర్పి పెట్టింది.

"నల్ల వైరు వద్దన్నది ఎవరు?" అని అడిగింది.

నంజమ్మ టీవీ అద్దంలోకి చూసింది. అంకప్ప సంచి సర్దుకున్నాడు.

"సరే," అన్నది కాళమ్మ. "ఈడ వద్దు దీన్ని. పొద్దున ఎండంతా అద్దం మీదే పడతా ఉంది, అత్తకు ఏమి కనిపిస్తాది? ఆ గోడకు జరపండి. అంకప్పా, తినిపో."

మెయిన్ దించి, లైను విప్పి, మునియప్పా అంకప్పా చెరో పక్క పట్టుకున్నారు. పెట్టె బండలా బరువు. మునియప్ప దాన్ని ఒళ్లంతా ఆనించి నెట్టినాడు. ముఖం చెక్కకు ఆనుకుని ఉంది కాబట్టి కండ్లలో నీళ్లు ఎవరికీ కనిపించలేదు. అవతల పక్కనుంచి తల్లి, మెల్లగారా, గీతలు పడతాయి, అని గదమాయిస్తూ ఉంది. ఆమె ఎంతసేపు గదమాయించినా ఈరోజు వినాలనే ఉంది ఆయనకు.