హాస్టల్లో పెరటాసి శనివారం

హాస్టలంటే ఏమిటో నాకు ముందుగా చెప్పినవాళ్లంతా కోతలు కోసినవాళ్లే. అక్కడ నీళ్లచారు పోసి పిల్లల కడుపులు మాడుస్తారని ఒకాయన, పెద్ద క్లాసులవాళ్లు చెవులు మెలేస్తారని ఇంకొకాయన. పొద్దున్నే తలుపు తీస్తే తిరుపతి కొండ ఎదురుగా నిలబడి ఉంటుందని ఒక్కడైనా చెప్పాడా? గోడమీద మీట నొక్కితే గదంతా వెలుగు నిండుతుందని చెప్పాడా? మా బంగారుపాళ్యం పక్కపల్లెలో లాంతరు తప్ప ఎరగనివాణ్ణి నేను. మొదటిరోజు ఆ మీటను నొక్కుతూ, ఆపుతూ, మళ్లీ నొక్కుతూ ఉంటే నా గదివాడికి చిర్రెత్తుకొచ్చింది.

"ఇంక సాలప్పా మునిరత్నం, అది యాడికీ పారిపోదు" అన్నాడు.

వాడి పేరు జయరావు. పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే పల్లె వాళ్లది, క్రైస్తవులు. వాడు పొద్దున్నే మోకాళ్లమీద కూర్చుని ప్రార్థన చేసుకుంటే, నేను కిటికీలోంచి కొండకు దండం పెట్టుకునేవాణ్ణి. వాళ్ల సరస్సు మీదికి చలికాలంలో వచ్చి వాలే పక్షుల గురించి వాడు చెబుతుంటే నోరు తెరుచుకుని వినేవాణ్ణి. ఎక్కడెక్కడి పిల్లలో ఒకే కప్పు కింద చేరారు కదా అని నాకు రోజూ ఆశ్చర్యమే.

రెండో ప్రపంచయుద్ధం ముగిసినా బియ్యం కరువు తీరని రోజులవి. ఎవరి బియ్యం వాళ్లు ఇంటినుంచి తెచ్చుకుని మంచం కింద మూటలో దాచుకోవాలి. పొద్దున్నే తలా ఒక కొలత వంటింట్లో ఇచ్చి రావాలి. అందరి బియ్యమూ ఒకే గుండిగలో ఉడికేది, అందరం ఒకే వరసలో కూర్చుని తినేవాళ్లం.

ఆ వరసే నాకు ప్రాణగండమైంది. ఎందుకంటే నా చదువు మా అవ్వ రాఘవమ్మ చేతిలో ఉంది. మా మామిడితోటలో ఆమె గొంతు వినబడితే కాపలా కుక్క కూడా లేచి నిలబడేది. నన్ను పంపేటప్పుడే ఖరాఖండిగా చెప్పింది.

"పెరటాసి నెలలో కొండకొస్తా. ఆ హాస్టలేందో కంటితో సూస్తా. నచ్చలేదంటే నిన్ను ఎంటబెట్టుకోని వచ్చేస్తా. తోటకు మనిషి కావల్ల."

పెరటాసి అంటే మావైపు వెంకన్నను కొలిచే నెల, దసరా రోజుల్లో వస్తుంది. మా నాయనకు అవ్వమాట దాటే అలవాటు లేదు. నాకేమో ఆ కొండనూ ఆ వెలుగునూ ఆ పుస్తకాల గదినీ వదిలి తోటకాపలాకు పోవడమంటే ప్రాణం పోయినంత పని.

అవ్వ అన్నంత పనీ చేసింది. ఓ శనివారం పొద్దున గిన్నెలూ చాపా మోయించుకుని గేటు దగ్గర దిగింది.

"ఈ సత్రంలో ఎన్నాళ్లుండనిస్తారప్పా?" అని కాపలావాణ్ణి అడిగింది. వాడు తెల్లమొహం వేశాడు.

నేను పరుగున వెళ్లి వరండాలో కూర్చోబెట్టాను. కూర్చుందో లేదో విచారణ మొదలు.

"నీ గదిలో ఇంకెవురు?"

"జయరావని, పులికాట్ వాడవ్వా."

"ఏమిట్లు వాళ్లు? కులమేంది?"

దాచితే దాగేదా? చెప్పాను. అన్నం సంగతీ చెప్పాను. అవ్వ ముఖం మాడిపోయింది.

"అందరి బియ్యం ఒగే కుండలోనా? అందరూ ఒగే బంతిలోనా? మీ తాత బతికుంటే ఏమనేవాడురా? పెట్టె సర్దుకో. నా మొక్కు తీర్సుకోని, కొండకు పోయి, అట్నించటే ఊరికి పోదాం."

బతిమాలాను. ఏడుపొక్కటే తక్కువ. అవ్వ వినిపించుకుంటేగా! కాళ్లీడ్చుకుంటూ గదికి పోయి పెట్టె సర్దాను.

పెరటాసి శనివారం మొక్కంటే మావైపు అందరికీ తెలిసిందే. చెంబుకు నామాలు పెట్టి, పసుపుబట్ట కట్టుకుని, గోవిందా అంటూ ఇల్లిల్లూ తిరిగి బియ్యం అడగాలి. ఎంత ఆస్తి ఉన్నవాళ్లయినా అడిగి తీరాలి. ఆ బియ్యమే వండి స్వామికి తళిగ, అంటే ఆకులో నైవేద్యం, వేయాలి. ఒక్కసారి గుమ్మం ముందు గోవిందా అని పిలిచాక, వాళ్లు పెట్టింది పట్టకుండా వెనుదిరగకూడదు.

అవ్వ వీధిలోకి పోతుందనుకున్నాను. ఆమె లేచి, వరసగా ఉన్న మా గదుల తలుపులు చూసింది. ఒక్కో తలుపూ ఒక్కో ఇల్లనుకుంది కాబోలు! మొదటి గది ముందు నిలబడి చెంబు ఎత్తింది.

"గోవిందా... గో...విందా!"

ఆడమనిషి గొంతు ఆ వరండాలో అంతకుముందెప్పుడూ వినబడలేదు. మొహానికి సబ్బు రుద్దుకున్నవాడొకడు, తువ్వాలు చుట్టుకున్నవాడొకడు లోపలికి దూకారు. వార్డెను పరంధామయ్యగారు చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చారు.

"ఏమ్మా, ఇది మొగపిల్లల హాస్టలు. ఇక్కడికి రాకూడదు."

"మొగపిల్లోళ్ల ఇండ్లల్లో బియ్యముండవా సామీ?" అంది అవ్వ, చెంబు దించకుండా.

సిగ్గుతో చచ్చిపోతున్నాన్నేను. అప్పుడు మొదటి గదిలోంచి ఎవడో గట్టిగా, "గోవిందా!" అని బదులు పలికాడు. రెండో గదీ పలికింది. మేడమీదివాళ్లూ పలికారు. చూస్తుండగానే హాస్టలంతా ఒక్క గొంతై, "గోవిందా... గోవిందా!" అని మోగిపోయింది. అబ్బ, ఆ మోత! ఎప్పుడూ ఎగతాళి తప్ప ఎరగని ఆ పిల్లలే మంచాల కింది మూటలు విప్పి, గుప్పిళ్లతో బియ్యం పట్టుకుని గుమ్మాల్లో నిలబడ్డారు. ఎర్రబియ్యం, తెల్లబియ్యం, నూకలు. కొలత తగ్గితే పూట గడవని రోజుల్లో!

వరస చివర మా గది. గుమ్మంలో జయరావు దోసిలి నిండా బియ్యంతో నిలబడి ఉన్నాడు. వాడెవడో అవ్వకు అర్థమైంది. వాడి వెనకాల నా పెట్టె కనిపిస్తోందిగా. చెంబు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"అవ్వా, ఇవి చేపలమ్మి కొన్న బియ్యం. మేం ఏసును కొలిచేవాళ్లం. చెంబులో పొయ్యొచ్చునా?" అన్నాడు వాడు మెల్లగా.

అవ్వ వాడి మొహంలోకి చూసింది. దోసిలి అంచునుంచి గింజలు రాలుతున్నాయి.

"రాలిపోతాండాయి కదప్పా, ఏం సూస్తాండావు? పొయ్యి" అంది.

పెరట్లో మూడు రాళ్లు పెట్టి తనే వండింది. బియ్యం చెరిగేటప్పుడు మాత్రం చేట ముందు చాలాసేపు కూర్చుండిపోయింది. ఏ గింజ ఎవరిదో ఏరడానికి వీల్లేకుండా కలిసిపోయాయి.

"దినామూ మీ కుండలో పడేది ఇదేనంట్రా?" అని అడిగింది.

"ఇదే అవ్వా."

కర్పూరం వెలిగించి, కొండవైపు దండం పెట్టి, ఇచ్చినవాళ్లందర్నీ పిలిచి ఆకులు వేసింది. ప్రసాదం తలా ఒక ముద్దే వచ్చింది. జయరావు దూరంగా నిలబడితే, "నీకేంది, పిలుపు పంపల్లనా?" అని కసిరి, నా పక్కనే కూర్చోబెట్టింది. ఆఖరి ముద్ద తను తింది. మా ఇంటి పొయ్యి దాటి ఆమె మెతుకు ముట్టగా చూడటం నాకదే మొదలు.

అయినా నా భయం పోలేదు. చదువు మాట ఆమె ఎత్తనేలేదు. ఎండ తగ్గాక పెట్టె నెత్తిన పెట్టుకుని ఆమె వెనకే గేటుదాకా నడిచాను. జయరావు ఆమె చాప మోసుకొచ్చాడు. గేటు దగ్గర అవ్వ వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసింది.

"పెట్టెందుకు తెచ్చినావురా? నేనొక్కదాన్నే పోతాండా."

పెట్టె కింద పడేసి ఆమె కాళ్లమీద పడ్డాను. అవ్వ నన్ను పట్టించుకోలేదు. జయరావు చేతిలోంచి చాప అందుకుంటూ వాడితో అంది:

"ఏమబ్బా, వీడు నిద్దట్లో దుప్పటి తన్నేస్తాడు. మెలకువొస్తే కొంచెం కప్పు. ఇన్నాళ్లూ ఆ పని నాది."