గ్రేసీ మీదుగా వెళ్లే ప్రార్థన

నాచారంలో తన వీధి మొత్తంలో దోర్కమ్మ ప్రార్థనకు పేరుంది. మోకరించిందంటే పావుగంటకు తగ్గదు. కాకపోతే ఆ పావుగంటలో దేవుడి వంతు మొదటి మాట, చివరి ఆమెన్. నడుమదంతా కోడలు గ్రేసీదే.

“పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ ఇంట్ల కొందరు ఉప్పు సూడకుండనే కూర దించుతున్నరు. వాళ్లకు జ్ఞానము దయచేయుము. కొందరు తడి బట్టలు బకెట్లనే ఇడిసిపెట్టి డ్యూటీకి పోతున్నరు ప్రభువా...”

గ్రేసీ అందరికన్నా గట్టిగా ఆమెన్ అనేది. ఆమె మొగుడు శాంసన్ మాత్రం మూసిన కళ్లు తెరిచేవాడు కాదు. తెరిస్తే ఎవరో ఒకరి వైపు చూడాలి మరి.

కాపురానికొచ్చిన రెండేళ్లకు గ్రేసీ ఓపిక అయిపోయింది. చిల్కానగర్‌లో అద్దె ఇల్లు చూసి వచ్చింది. “ఆదివారం లోపల ఓనర్‌కు మాట జెప్పాలె” అంది మొగుడితో, అత్తకు వినపడేటట్టు.

ఆ పిల్లతో కీచులాడకపోతే దోర్కమ్మకు పొద్దు గడవదు. అయినా పోవద్దని అడగడానికి అత్తరికం అడ్డొచ్చింది. ఆ సాయంత్రం చర్చి సంఘ పెద్ద అబ్రహాం ఇంటికి వచ్చి ఉండగానే ప్రార్థన అందుకుంది: “కాపురాలు చీల్చే ఆలోచనను ఈ ఇంట్లకెళ్లి ఎల్లగొట్టుము ప్రభువా!”

గ్రేసీ ఆమెన్ అనలేదు.

అబ్రహాం చెప్పులు వేసుకుంటూ నవ్వాడు. “అక్కా, నీ ప్రార్థన పైకి పోతలేదు. గ్రేసీ కాడికి పోయి ఆగుతుంది. ప్రభువు ఏం జెప్పిండు? గదిలకు పోయి, తలుపేసుకొని, తండ్రికి ప్రార్థన చెయ్యమన్నడు. జర ఒక్కనాడు గట్ల చేసి సూడు.”

“నాకే ప్రార్థన నేర్పుతవా తమ్మీ?” అని ఉడుక్కుంది దోర్కమ్మ. ఆ పంతం మీదే మరునాడు, శనివారం, గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

“పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ ఇంట్ల కొందరు...”

అక్కడే ఆగిపోయింది. వినడానికి ఆ కొందరు లేరు. ఉప్పు సంగతి దేవుడికి చెప్పి ఏం లాభం, ఆయనేమన్నా వంటింట్లోకి వస్తాడా? ఇన్నేళ్లుగా తను ఆయనతో మాట్లాడిందే లేదని తెలిసి ఆమెకు సిగ్గేసింది. చాలాసేపటికి నోట ఒక మాట వచ్చింది.

“తండ్రీ, నాకు భయమైతుంది. ఆ పిల్ల పోతే నేనుండలేను.”

కళ్లనీళ్లు జలజలా రాలాయి. ఆ తర్వాత ప్రాణం తేలికపడింది.

బయట గ్రేసీ తలుపు తట్టింది. “అన్నం సల్లారుతుంది అత్తమ్మా. ఇయ్యాల నా మీద ప్రార్థన లేదా?”

దోర్కమ్మ గడియ తీసింది. “దేవునికి చెప్పేది చెప్పిన. ఇగ నీకు చెప్పేది మిగిలింది. పోకు బిడ్డా.”

గ్రేసీ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “గీ ముక్క నాకే జెప్తే అయిపోతుండె గద! రెండేండ్ల సంది నడిమిట్ల దేవుణ్ణెందుకు సతాయించిన్రు?”

ముగ్గురూ కూర్చున్నారు. శాంసన్ అలవాటు కొద్దీ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. దోర్కమ్మ మూడే ముక్కల్లో స్తోత్రం చెప్పి, మొదటి ముద్ద నోట పెట్టుకుని, కోడలి వైపు తిరిగింది.

“ఉప్పు తక్కువైంది గ్రేసీ.”

“ఆమెన్” అంటూ గ్రేసీ ఉప్పు డబ్బా జరిపింది. తిన్నాక చిల్కానగర్ ఓనర్‌కు ఫోన్ చేసి, ఇల్లు వద్దని చెప్పింది.