ఏ పాపం?

గురవయ్యకి తప్పొప్పుల విషయంలో ఎన్నడూ అనుమానం రాలేదు. దేవుడు చెయ్యమన్నది ఒప్పు, వద్దన్నది తప్పు, మధ్యలో మనిషికి పని లేదు. మస్కట్‌కి అవతల నిజ్వా ఆసుపత్రిలో వార్డు పనిచేసే తెలుగువాళ్లలో బైబిలు ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా రెండుసార్లు చదివినవాడు ఆయనొక్కడే. బొంబాయి రేవులో తొమ్మిదేళ్లు మూటలు మోసి నేర్చుకున్న హిందీ ఉన్నదీ ఆయనకే. అందుచేత పైన దేవుడితో మాట్లాడాలన్నా, కింద హెడ్ నర్సుతో మాట్లాడాలన్నా మనవాళ్లకి గురవయ్యే దిక్కు.

కొండయ్యకి మరీనూ. ఇద్దరిదీ రేపల్లె దగ్గర ఒకే పల్లె, ఒకే చర్చి. వరసకి బావ. నిరుడు, అంటే డెబ్భై అయిదులో, వీసా తెప్పించి, విమానంలో బెల్టు ఎలా పెట్టుకోవాలో ఉత్తరంలో బొమ్మ గీసి మరీ పంపిన మనిషి. కొండయ్యకి హిందీ రాదు, అరబ్బీ రాదు, ఇంగ్లీషు అసలే రాదు. ఏడాది గడిచినా "బావా, ఏమంటన్నారు?" అన్న ఒక్క మాటతోనే నెట్టుకొస్తున్నాడు. బావ ఏది చెబితే అది నిజం. అలా నమ్మడం ఎంత హాయిగా ఉంటుందో నమ్మినవాడికే తెలుస్తుంది.

డ్యూటీ అయ్యాక రూమ్ ముందు మెట్ల మీద ముగ్గురు చేరేవాళ్లు. మూడోవాడు దేవయ్య, కరీంనగర్ వైపు మనిషి, ఆసుపత్రి నేలలు తుడుస్తాడు. ఒకరోజు అతను పక్క తోట గోడకి ఇవతల రాలిన ఖర్జూరాలు ఏరుకొచ్చి మధ్యలో పెట్టాడు. గురవయ్య చెయ్యి చాపలేదు.

"పరాయి సొమ్ము. దొంగతనం వద్దని ఆజ్ఞ ఉంది. గోడకి అవతలా ఇవతలా అని ఆజ్ఞలో లేదు," అన్నాడు.

"గిదేం దొంగతనం గురవన్నా! ఈడ రాలినయి ఎవలన్న తినొచ్చంటరు. ఊరోళ్లు తప్పు గాదంటె తప్పు గాదు. ఇంకో ఊర్ల తప్పంటె ఆడ తప్పు," అన్నాడు దేవయ్య.

కొండయ్య అప్పటికే రెండు నోట్లో వేసుకున్నాడు. "తోటాయన చూసి బాధపడితే తప్పు. ఆయన నవ్వి ఊరుకుంటే తప్పేంది? అవతలోడి మొహం చూస్తే మన కడుపులోనే తెలిసిపోద్ది."

"కడుపులో తెలవడమేందిరా! రేపు నీ కడుపులో వాయువొస్తే అదీ దైవాజ్ఞేనా?" అని గురవయ్య వెక్కిరించాడు. దేవయ్య పడీపడీ నవ్వాడు.

కొండయ్యకి రోషం వచ్చింది. "సరే బావా, దేవుడు దొంగతనం చెయ్యమని చెప్పుంటే అది మంచిపనై పోయేదా?"

"అట్టా చెప్పడు."

"ఎందుకు చెప్పడు?"

"మంచివాడు గనక."

"అట్టయితే మంచనేది ఆయన చెప్పకముందే ఎక్కడో ఉండాలిగా?"

గురవయ్య గ్లాసు అతని ముందుకి తోసి, "నోర్మూసుకుని టీ తాగు," అన్నాడు. ఆ మాట అనే హక్కు ఆయనకి ఉంది గనక కొండయ్య టీ తాగాడు.

ఇది జరిగిన రెండు వారాలకి వార్డులోకి ఒక ముసలాయన వచ్చాడు. దగ్గర్లోని బహలా వైపు రైతు. కడుపు కోసి కుట్టారు. మర్నాటిదాకా చుక్క నీళ్లు పట్టొద్దనీ, పెదాలకి తడిపిన దూది మాత్రం అద్దాలనీ ఆర్డరు. ఆయన మాత్రం కళ్లు తెరిచిన దగ్గర్నుంచీ "మాయ్, మాయ్" అంటూనే ఉన్నాడు. అరబ్బీ రాని కొండయ్యకి కూడా అది నీళ్లని అర్థమైంది. పొద్దుటినుంచీ దూది అద్దుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం ఇంకో రోగిని ఎక్స్‌రేకి తీసుకెళ్లాల్సి వచ్చి, మంచం దగ్గర గురవయ్యని కూర్చోబెట్టి స్ట్రెచరు తోసుకుంటూ వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ముసలాయన గడ్డం తడిసి ఉంది. బల్లమీద ఖాళీ గ్లాసు ఉంది. గురవయ్య కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"నా చెయ్యి పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడురా. చూడలేకపోయాను," అన్నాడు మెల్లగా.

కొండయ్యకి బావ మీద ఎప్పుడూ లేనంత ప్రేమ పుట్టింది. ఆజ్ఞలూ ఆర్డర్లూ అని గుండెలు బాదుకునే మనిషి, తీరా సమయం వచ్చేసరికి కొండయ్య మాటే నిజం చేశాడు. పోట్లాటలో గెలిచిన సంతోషం కూడా అందులో కాస్త ఉంది, కాదనడానికి లేదు.

గంట తిరక్కుండా ముసలాయనకి వాంతులు పట్టుకున్నాయి. కుట్లు తెగాయి. మళ్లీ కొయ్యాల్సి వచ్చింది. బతికాడు గానీ, మర్నాటికి మనిషి ఆనవాలు లేకుండా పీక్కుపోయాడు.

హెడ్ నర్సు హమీదున్నీసా భోపాల్ మనిషి. ఆమెకి తెలుగు రాదు. ఆ పొద్దునే కొండయ్యని గదిలోకి పిలిచి, తర్జుమాకి గురవయ్యని పక్కన నిలబెట్టింది. కొండయ్య ధైర్యంగానే వెళ్లాడు. తను స్ట్రెచరు తోసిన సంగతి చెబుతాడు, తక్కినది బావ తనంతట తానే చెప్పుకుంటాడు, పెద్దమనిషి గనక ఆమె మందలించి వదిలేస్తుంది. ఇదీ అతని లెక్క.

"నీళ్లు ఎవరిచ్చారని అడుగుతోంది," అన్నాడు గురవయ్య.

కొండయ్య తెరిచిన తలుపులోంచి మంచం వైపు చూశాడు. ముసలాయన ముక్కులో గొట్టం పెట్టి ఉంది. ఎండిన పెదాలు ఇంకా కదులుతున్నాయి. నోటికొచ్చిన మొదటి మాట అదే.

"పాపం... పాపం..." అన్నాడు.

ముసలాయన మీద జాలిపడ్డాడంతే. మన ఇళ్లలో పిల్లి వానలో తడిసినా వచ్చే మాట అది. హమీదున్నీసా చటుక్కున తలెత్తింది.

"పాప్? క్యా పాప్ కియా ఇస్నే?"

గురవయ్య నేలవైపు చూశాడు. "జీ," అన్నాడు.

ఆమె కూడా ముసలాయన కోసం పాపమంటోందనుకున్నాడు పిచ్చి కొండయ్య. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అవునమ్మా, పాపం, చాలా పాపం," అని గట్టిగా తలూపాడు. తర్వాత బావ వైపు తిరిగి, "నేను స్ట్రెచరుతో పోయానని చెప్పు," అన్నాడు.

"చెబుతాలే. ముందు ఇక్కడ సంతకం పెట్టు."

కాయితం ఇంగ్లీషులో ఉంది. ఏడాదిలో మొదటిసారి కొండయ్య "బావా, ఏమంటంది?" అని అడగలేదు. గుండ్రటి తెలుగక్షరాలతో పేరు రాసి బయటికొచ్చాడు.

వరండాలో తడిగుడ్డ పిండుతూ దేవయ్య నిలబడి ఉన్నాడు. అతనికి ఉర్దూ బాగా వచ్చు, నేలలు తుడిచేవాణ్ణి తర్జుమాకి ఎవరూ పిలవరు గానీ.

"గదేందే కొండన్నా? పాపం జేసిన అని ఒప్పుకున్నవేందే? హిందిల పాప్ అంటె గునా, పెద్ద తప్పు. జేసిండా అని ఆమె అడిగింది, గురవన్న జీ, అవునన్నడు, నువ్వేమో తలకాయ ఊపుతివి. నువ్వు సంతకం బెట్టిన కాయితం గదే, శనారం నిన్ను మస్కట్ పంపి ఇమానం ఎక్కిస్తరంట!"

కొండయ్య మొదట నవ్వాడు. బావకి ఆ హిందీ మాట అర్థం కాలేదనుకున్నాడు. తొమ్మిదేళ్లు బొంబాయిలో ఉన్నవాడికి అర్థం కాకపోవడమేమిటని ఆ వెనకే తట్టింది. దేవయ్యని వెంటబెట్టుకుని రూమ్‌కి నడిచాడు.

గురవయ్య రూమ్‌లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో బైబిలు ఉంది గానీ తెరవలేదు.

"నేనేమన్నా అబద్ధమాడానా?" అన్నాడు, కొండయ్య ఇంకా నోరు తెరవకముందే. "ఒక్క ముక్క అబద్ధమాడలేదు. పాపం అన్నావా లేదా? అన్నావు."

"ఏ పాపమన్నానో నీకు తెలవదా బావా?"

గురవయ్య బైబిలుని దిండు పక్కకి జరిపాడు.

"స్ట్రెచరు సంగతి చెబుతానన్నావు."

"చెబుతానన్నాను. ఎప్పుడని అన్నానా?" ఆ మాట ఆయనకే నచ్చినట్టు లేదు. తల దించుకున్నాడు. "అబద్ధ సాక్ష్యం చెప్పగూడదని ఉంది. మాటకి అర్థం చెప్పకపోతే నేరమని యాడా లేదురా. ఆరుగురు నామీద పడి బతుకుతున్నారు."

కొండయ్యకి కడుపు మండిపోయింది. నీళ్లిచ్చినందుకు కాదు, ఆ పని తనైనా చేసేవాడేమో. ఉద్యోగం పోయినందుకు కూడా అంతగా కాదు. ఆజ్ఞల మధ్య సందు వెతికి అందులోంచి తనని బయటికి తోసినందుకు.

"నడువు, నేను ఉర్దూల జెప్త ఆ మేడమ్‌కు," అన్నాడు దేవయ్య.

"వద్దు. ఆయనే చెప్పాలి," అన్నాడు కొండయ్య. ముసలాయన ఏడుపుకి కరిగిన మనిషి తన మొహం చూసి కరగడా? శుక్రవారం దాకా ఆగుతానన్నాడు. దేవయ్య తిట్టాడు గానీ కొండయ్య వినలేదు. మూడు రోజులు బావ ఎదురుగానే తిన్నాడు, ఎదురుగానే పడుకున్నాడు, ఒక్క మాటా అడగలేదు.

శుక్రవారం పొద్దున రూమ్‌లో ప్రార్థనకి అందరూ వచ్చారు. నర్సు సారా కూడా వచ్చింది. ఆమెదీ వీళ్ల పల్లెకి పక్క ఊరే. ఆమె నెలనెలా ఇంటికి రాసే ఉత్తరం ఊరి చర్చి దాకా వెళుతుంది. బావ ఇవాళ చెప్పకపోతే ఆ ఉత్తరం ఏమని వెళుతుందో కొండయ్యకి తెలుసు.

పాట అయింది. గురవయ్య లేచి నిలబడ్డాడు. కళ్లవెంట నీళ్లు జలజలా కారాయి. కొండయ్య గుండె ఎగిరి గంతేసింది. కరిగాడు, చెప్పేస్తాడు, ఇప్పుడే. బావని అప్పుడే క్షమించేశాడు కూడా. తలవంచి కళ్లు మూసుకున్నాడు.

"ప్రేమగల తండ్రీ," అన్నాడు గురవయ్య, వెక్కుతూ. "రేపు మమ్మల్ని విడిచిపోతున్న మా సహోదరుడు కొండయ్యని నీ చేతికప్పగిస్తున్నాం. చేసిన పాపాన్ని తన నోటితోనే ఒప్పుకున్నాడు. దయతో క్షమించు తండ్రీ."

సారా వెక్కడం వినిపించింది. గదంతా ఒక్కసారిగా ఆమెన్ అంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ప్రతి ప్రార్థన చివరా అనే మాట. ఆపుకునేలోగా కొండయ్య నోరు కూడా అందరితో పాటు ఆమెన్ అనేసింది.