ఆ ఏటి ఆఖరి చొక్కా

కాలరు తిరగేసి, కొనలు రెండూ పుల్లతో పొడిచి నిలబెట్టేసరికి ఎండ మిషన్ మీదికి వచ్చేసింది. మాస్టారు కుర్చీ కాస్త పక్కకు జరుపుకుని చొక్కాను మళ్ళీ సూది కిందికి తోశారు. కాళ్ళు వాటంతటవే కదిలాయి. మిషన్ గుర్రుమంది.

మర్నాడే బడులు తెరుస్తారు. దుకాణం గోడకున్న మేకుల నిండా తెల్లచొక్కాలు, నీలం నిక్కర్లు, నీలం గౌన్లు. లోపల పిల్లలు లేకుండానే గాలికి అటూ ఇటూ ఊగుతున్నాయి.

వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. యూనిఫాం మాస్టారంటే చాలు. సన్నగా పొడుగ్గా ఉంటారు. ఏళ్ళ తరబడి మిషన్ మీదికి వంగి వంగి, నిటారుగా నిలబడినా భుజాలు మాత్రం ఇంకా కుడుతున్నట్టే ఉంటాయి. చెవి మీద సుద్దముక్క, మెడలో టేపు. అది మెడలో లేకపోతే ఆయనకు చలేస్తుందని భార్య వెక్కిరిస్తుంది. ఆవిడ గుమ్మం దగ్గర వెలుగులో పీట వేసుకుని కాజాలు, గుండీలు కుడుతుంది. అందుకే పిల్లలందరికీ ఆవిడ గుండీలత్తయ్య.

పెళ్ళయిన కొత్తలో దుకాణం పెట్టినప్పుడు, "పిల్లల బట్టలే కుడదాం. మన పిల్లలకి బయట వెతుక్కోనక్కర్లేదు," అన్నది మాస్టారే. అప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. ఒకే ఒక్కసారి కడుపు పండింది. నెలలు నిండి పుట్టిన ఆ పాప ఒక్కసారైనా ఏడవకుండానే వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ ఇంట్లో ఉయ్యాల మాట రాలేదు. దుకాణం మాత్రం పిల్లల బట్టల దుకాణంగానే ఉండిపోయింది.

పక్క కొట్లోంచి ఇస్త్రీ ఆయన వచ్చి కుట్టడం పూర్తయిన చొక్కాలు చేతి మీద వేసుకున్నాడు. చుట్టరికమేమీ లేదు. మాస్టారుని బావా అంటాడు, మాస్టారూ అతన్ని బావా అనే అంటారు.

"ఏంటి బావా, మొహం అలా ఉంది? రాత్రి అక్కయ్య తిట్టిందా?"

"అదేం కొత్తా? భుజం కింద కాస్త బరువుగా ఉంది. పొద్దుట్నుంచీ."

"ఈ సీజను కాగానే డాక్టరుకి చూపించుకో. నువ్వు పడిపోతే ఊళ్ళో పిల్లలంతా గోచీలతో బడికి పోవాలి." నవ్వుతూనే అతను మేకుల వైపు చూశాడు. "అయినా నీకేంటి బావా, ఊళ్ళో పిల్లలంతా నీ పిల్లలేగా."

మాస్టారి కాళ్ళు ఆగాయి.

"కాదు బావా. వాళ్ళకి వాళ్ళ నాన్నలున్నారు. సాయంత్రమైతే ఎవరింటికి వాళ్ళు పోతారు. నాకు పిల్లల్లేరు. ఆ మాటని అలాగే ఉండనీ, దాని మీద గుడ్డ కప్పకు."

ఇస్త్రీ ఆయన నొచ్చుకున్నాడు. "మరి ఇన్నేళ్ళు అన్ని దణ్ణాలు పెట్టావు. ఏమొచ్చింది?"

"అడిగింది రాలేదు," అన్నారు మాస్టారు, మళ్ళీ కాళ్ళు కదుపుతూ. "అడిగించుకున్నవాడు మిగిలాడు."

ఆ మాట తేలిగ్గా అన్నారు గాని, అక్కడిదాకా రావడం తేలిగ్గా జరగలేదు. పాప పోయాక ఆయన కొన్నేళ్ళపాటు దేవుడి మాటే ఎత్తలేదు. భార్య కళ్ళు మూసుకుని ప్రార్థించే వేళకు కావాలనే మిషన్ ఎక్కేవారు. ఆ చప్పుడులో ఆవిడ గొంతు వినబడకూడదని ఉత్తగుడ్డ మీద కూడా తొక్కేవారు. ఒకరోజు ఉండబట్టలేక, "ఇవ్వనివాణ్ణి ఇంకా ఎందుకు పిలుస్తావు?" అని అరిచారు. ఆవిడ దారం పంటితో తెంపి, తాపీగా అంది: "ఇవ్వకపోతే పరాయివాడైపోతాడా? మీరు మాత్రం నాకు ఏమిచ్చారని మీతో ఉంటున్నాను?"

ఆయనకు కోపం రాబోయి నవ్వొచ్చింది. పాప పోయాక అదే మొదటి నవ్వు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశారు.

మర్నాటి నుంచీ మిషన్‌కు నూనె వేస్తూ దేవుడితో మాట్లాడటం మొదలుపెట్టారు. మొదట్లో అవి ప్రార్థనలు కావు, తగాదాలు. గట్టిగట్టిగా నిలదీసేవారు. క్రమంగా గొంతు తగ్గింది. ఒక ఉదయం నూనె డబ్బా మూత పెడుతూ, ఆ రోజు బిడ్డ కోసం అడగనే లేదని గుర్తొచ్చి ఉలిక్కిపడ్డారు. అడగాల్సింది అయిపోయినా మాట్లాడాల్సింది మిగిలే ఉంది. ఆ ఉలికిపాటే ఆయనకు గట్టి నమ్మకమైంది.

మధ్యాహ్నం, ఇద్దరూ భోజనం చేసి చేతులు కడుక్కుంటూండగా ఒక పెద్దావిడ మనవరాల్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లకు ఎనిమిదేళ్ళుంటాయి. బజార్లో కొన్న చొక్కా తొడిగి ఉంది. కుడిచేయి మామూలుగానే ఉంది. ఎడమచేయి మోచేతికి కాస్త కిందనే ఆగిపోయింది. ఆ పక్కన చొక్కా చేయి ఖాళీగా వేలాడుతోంది.

"ఈ ఊరికి కొత్తగా వచ్చాం మాస్టారూ. పుట్టుకతోనే ఇంతే. రేపు బడికి పోనంటే పోనంటోంది. పాత బళ్ళో ఆ చెయ్యి పట్టుకు లాగి ఆడుకునేవాళ్ళట. సాయంత్రానికి ఒక్క చొక్కా..."

మాస్టారు భార్య వైపు చూశారు. ఆవిడ అప్పటికే పీట వేసుకుంది.

ఆయన టేపు తీసి కుడిచేయి కొలిచారు. ఎడమ వైపు తిరిగి, "ఇది కొలవనా?" అని అడిగారు.

పిల్ల అనుమానంగా చూసింది. "కొలిచి ఏం చేస్తావు తాతా? ఎవరూ కొలవరు."

"కొలవకుండా కుడితే అది నీ చొక్కా ఎలా అవుతుంది?"

పిల్ల చేయి చాచింది. ఆయన భుజం నుంచి కొసదాకా, తర్వాత చుట్టుకొలత, ఏదీ వదలకుండా కొలిచి బల్ల మీద సుద్దతో గీసుకున్నారు. తెల్లగుడ్డ పరిచి కత్తెర పెట్టబోతుంటే పిల్ల దగ్గరికి జరిగింది.

"గుండీలు నాకు రావు. అమ్మమ్మే పెడుతుంది."

మాస్టారు ఆలోచించి, తన ఎడమచేయి వీపు వెనక్కి పెట్టుకుని, కుడిచేత్తో తన చొక్కా గుండీ పెట్టుకోబోయారు. గుండీ జారింది. మళ్ళీ పట్టుకున్నారు, మళ్ళీ జారింది. నాలిక బయటపెట్టి తంటాలు పడుతుంటే పిల్ల పకపకా నవ్వింది.

"అలా కాదు తాతా! బొటనవేలుతో తొయ్యాలి. గుడ్డ మెత్తగా ఉంటే ముడుచుకుపోతుంది, అందుకే రాదు."

"అలాగా? అయితే లోపల గట్టి గుడ్డ వేద్దాం. ఇదిగో, కాజాలు అడ్డంగా కుట్టు. కాస్త వదులుగా."

"వినబడింది లెండి," అంది గుండీలత్తయ్య.

ఎడమచేయి పొట్టిగా, కొసకు చక్కగా అమరేలా కత్తిరించి, లోపల రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ మడతపెట్టారు. ఆయన కుట్టే ప్రతి చొక్కాలోనూ అంత గుడ్డ వదులుతారు. పిల్లలు ఎదుగుతారని.

"ఆ చెయ్యి పెరగదు తాతా," అంది పిల్ల, మడత చూసి.

"నువ్వంతా పెరుగుతుంటే అదొక్కటీ వెనకబడుతుందా? దానికి తగ్గట్టు అదీ పెరుగుతుంది."

పిల్ల ఆ మడతను వేలితో తడిమింది. తర్వాత మెల్లగా అంది: "చెయ్యి ఇమ్మని రోజూ దేవుణ్ణి అడిగాను. ఇవ్వలేదు."

అమ్మమ్మ గాభరాగా, "ఏంటే ఆ మాటలు!" అంది. మాస్టారు ఆవిణ్ణి వారించారు.

"నేనూ ఒకటి అడిగానమ్మా. నాకూ ఇవ్వలేదు."

"కోపం రాలేదా?"

"చాలా వచ్చింది. ఆయన మీదే అరిచాను."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. కానీ నన్నొదిలి వెళ్ళిపోలేదు. ఇప్పటికీ ఉన్నాడు."

పిల్ల ఆయన మొహంలోకి తేరిపార చూసింది. అబద్ధం చెప్పేవాళ్ళను కనిపెట్టడం ఆ కళ్ళకు బాగా అలవాటున్నట్టుంది. చూసి, తృప్తిపడినట్టు మిషన్ బల్లకు ఆనుకుని నిలబడింది.

సాయంత్రం వెలుగు ఉండగానే చొక్కా పూర్తయింది. పిల్ల ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. గోడ వైపు తిరిగి, బొటనవేలుతో ఒక్కొక్క గుండీ తోసుకుంటూ, పెదవి కొరుక్కుంటూ పైదాకా వెళ్ళింది. ఇటు తిరిగింది. అద్దం చూసుకోలేదు. నేరుగా వీధిలోకి పరుగెత్తి, రెండు చేతులూ పైకెత్తి, ఇస్త్రీ ఆయన కొట్టు ముందు గిర్రున తిరిగింది.

"నేనే పెట్టుకున్నా! అన్నీ నేనే!"

ఇస్త్రీ ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుమ్మంలో నిలబడ్డ మాస్టారికి భుజం కింది బరువు ఏమైందో తెలియలేదు. ఆయన కూడా రెండు చేతులూ పైకెత్తారు.

చీకటి పడకముందే మేకులన్నీ ఖాళీ అయ్యాయి. ఏటా బడులు తెరిచే ముందురోజు ఆ ఖాళీ మేకులు చూడలేక ఆయన మొహం తిప్పుకునేవారు. బట్టలన్నీ ఎవరిళ్ళకు వాళ్ళు పట్టుకుపోయాక తమకంటూ మిగిలినదేమిటో ఆ గోడ చెప్పేది. ఈసారి ఆయన గోడ వైపు చాలాసేపు చూశారు. ఖాళీగానే ఉంది. ఆ ఖాళీ ఆయన్నేమీ చేయలేకపోయింది. లోపల ఏదో పాటలాంటిది పైకి తన్నుకొస్తుంటే, కళ్ళు మూసుకుని పెదాలు కదిపారు.

"ఏం అడిగారు?" అంది భార్య, పీట గోడకు చేర్చి.

"ఏమీ అడగలేదు. ఇవాళ బాగుందని చెప్పాను. ఇన్నేళ్ళూ బాగా చూసుకున్నావని చెప్పాను."

"ఆయనకి తెలీదా?"

"తెలుసు. అయినా నా నోటితో వింటే బాగుంటుందిగా."

ఆవిడ నవ్వి దీపం వేయడానికి లోపలికి వెళ్ళింది.

తెల్లవారి ఆయన లేవలేదు. ఎప్పుడు వెళ్ళారో తెలియదు. మొహంలో బాధ లేదు. ఆవిడ చేయి పట్టుకుని చూసి, ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని ఒంటరిగా ఏడ్చింది. తర్వాత ఇస్త్రీ ఆయన్ని పిలిచింది. అతను వచ్చి నిలువునా కూలబడిపోయాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "దుకాణం తలుపు మూసేయనా అక్కయ్యా?" అన్నాడు.

"వద్దు. పిల్లలు వెళ్ళే వేళయింది. తెరిచే ఉంచు."

వీధి చివర మొదటి తెల్లచొక్కా కనబడింది. ఆ వెనక గుంపులు గుంపులుగా, కొత్తగుడ్డ వాసనతో, తోసుకుంటూ, అరుచుకుంటూ వచ్చారు. మధ్యలో ఆ పిల్ల. రెండు చేతులూ ఊపుకుంటూ నడుస్తోంది. పక్కన అప్పుడే దొరికిన స్నేహితురాలు. దుకాణం ముందు ఆగి, "తాతా, వెళ్ళొస్తా!" అని లోపలికి కేకేసింది.

"వెళ్ళిరా తల్లీ," అంది గుండీలత్తయ్య గుమ్మంలోంచి. వీధంతా తెలుపూ నీలమై బడి వైపు పొంగిపారుతుంటే, ఆవిడ తలెత్తి ఎవరితోనో అన్నట్టు అంది: "ఆయన నీ దగ్గరికే వచ్చారు. తగాదాలన్నీ తీర్చుకునే వచ్చారు. జాగ్రత్తగా చూసుకో."

ఆఖరి పిల్లవాడు మలుపు తిరిగాక ఆవిడ లోపలికి వచ్చి మిషన్ దగ్గర నిలబడింది. ఆవిడ కళ్ళకు సూది బెజ్జం ఆనడం మానేసి చాలా కాలమైంది. రోజూ దారం ఎక్కించి పెట్టేది ఆయనే. బల్ల అంచున ఒక గుడ్డముక్కకు సూదులు వరసగా గుచ్చి ఉన్నాయి, కొన్నిటికి తెల్లదారం, కొన్నిటికి నీలం, అన్నీ ఎక్కించి, కొసలు ముడివేసి.