ఖాళీగా వదలకూడని గడి

పొద్దున్న ఏడింటికి నాగదుర్గ ఇడ్లీ రేకులకు నూనె రాస్తుంటే, హాల్లో ఫోన్ చూసుకుంటున్న భర్త గున్నేశ్వరరావు పకపకా నవ్వాడు.

"ఏమే, 'షుగరున్నవారి వంటలు' పుస్తకం మూడు రోజుల్లో తిరిగిచ్చెయ్యాలంట. మీ లైబ్రరీ నుంచి నాకు మెసేజ్ వచ్చింది. లైబ్రేరియన్‌వి నువ్వే లేటు చేస్తే ఎలాగే?"

ఆయనకది వేళాకోళం. నాగదుర్గకు మాత్రం భయం పట్టుకుంది. పోయిన నెల ఆవిడ రక్తపరీక్ష రిపోర్టు కూడా ఇలాగే ఆయన ఫోన్‌కి వచ్చింది. తనకు షుగరుందన్న సంగతి తనకంటే ముందు రాజమండ్రిలో ఆడపడుచుకు తెలిసింది. నా నంబరు ఎందుకివ్వలేదని అడిగితే, "ఇంటికి పెద్దని నేనుండగా నీ నంబరెందుకే? మనిద్దరం వేరా ఏంటి?" అన్నాడు. కాదు మరి. అంట్లు తోమేటప్పుడు మాత్రమే వేరు. ఆవిడ ఫోన్ ఆయన ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి చూస్తాడు. ఆయన ఫోన్‌కి మాత్రం తాళం ఉంటుంది.

అయితే ఇప్పటి భయం తన షుగరు గురించి కాదు. మండపేట దారిలో ఆవిడ పనిచేసే చిన్న లైబ్రరీకి కొత్తగా ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది. నిజం చెప్పాలంటే ఆవిడకూ ముచ్చటేసింది. ఇరవై రెండేళ్లు రిజిస్టర్లు రాసి మెడ పట్టేసిన మనిషి. ఎక్కడో ఉన్న పుస్తకాన్ని కూర్చున్నచోటనే వెతికి తెప్పించుకోవచ్చంటే ఎవరికి చేదు? రెండు వారాల్లో పాత ఫారాలన్నీ ఎక్కించేసి, జిల్లాలో అందరికంటే ముందు పూర్తిచేసిందని మెప్పు కూడా పొందింది. ఆ హడావుడిలో ఫారంలో ఏ నంబరుంటే అది కొట్టేసింది. మెసేజ్ వెళ్తుందని శిక్షణలో చెప్పారు. ఎవరికి వెళ్తుందో ఆలోచించాలని తట్టలేదు. మధ్యాహ్నం మూడింటికి, మగాళ్లు కునుకు తీసే వేళ, కూరగాయల సంచిలో పుస్తకం పెట్టుకుని వచ్చే ఆడవాళ్లు నలభై ముగ్గురు. నలభై ముగ్గురి ఫారాల్లోనూ ఉన్నవి మొగుళ్ల నంబర్లే. పుస్తకం పేరు కనబడకుండా అట్టకి పాత పేపరు వేసి మరీ ఇచ్చిన మనిషి, తన చేత్తోనే వాళ్లందరినీ అప్పగించేసింది. తన మీద తనకే ఒళ్లు మండింది.

లైబ్రరీకి వెళ్లగానే రేపు మెసేజ్ వెళ్లే పేర్లు తీసి చూసింది. మొదటి పేరే పావని. పుస్తకం 'ఆడవారికి ఆస్తి హక్కులు'.

తల్లి తన పేర రాసిచ్చిన ముప్పావు ఎకరం చేను రొయ్యల చెరువుకి ఇచ్చేస్తానని, సంతకం పెట్టమని, మొగుడు పావని వెంటపడుతున్నాడు. తను పెట్టనంటే చెల్లుతుందో లేదో అచ్చులో తన కళ్లతో చూసుకోవాలని ఆ పిల్ల పుస్తకం పట్టుకెళ్లింది. బియ్యం డ్రమ్ములో దాచుకుని చదువుతోంది. రేపు ఏడింటికి ఆ పుస్తకం పేరు మొగుడి ఫోన్‌లో మోగుతుంది. ముందే చెబుదామంటే పావనిదని ఉన్నదీ ఆ నంబరే.

నంబరు చెరిపేస్తే తెర మీద ఆ గడి ఎర్రబడి ముందుకు పోనివ్వలేదు. జిల్లా ఆఫీసులో శివరామకృష్ణగారికి ఫోన్ చేసింది.

"ఆ గడి ఖాళీగా వదలకూడదండి. వాళ్లకి ఫోన్ లేకపోతే భర్తది ఉందిగా. ఇద్దరూ ఒకటే కదండీ."

పొద్దున్న ఇంట్లో విన్న మాటే. ఇద్దరూ కూడబలుక్కున్నారేమో అనిపించింది.

"ఒకే నంబరు ఎంతమందికి ఇవ్వచ్చండి?"

"ఒక కుటుంబమైతే ఎంతమందికైనా తీసుకుంటుందండి. ఏం?"

"ఏం లేదండి."

మూడింటికి పావని వచ్చింది. సంగతి విని బల్ల దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "మేడం గారండీ, ఆ పేరు చూస్తే ఇంక బతిమాలడాలుండవండి. రేపే రిజిస్ట్రారాఫీసుకి ఈడ్చుకెళ్లి సంతకం పెట్టించేస్తారండి."

పావని పుస్తకం తిరిగొచ్చేసినట్టు రాసేస్తే ఈ పూట గడిచిపోతుంది. మిగతా నలభై ఇద్దరి మాటో? నాగదుర్గ పావనిని తన కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా ఉన్న సెల్ షాపుకి కొత్త సిమ్ముకని వెళ్లింది. కౌంటర్లో ఉన్న కృపారాణి వేలిముద్ర మిషను ముందుకు జరిపింది. రెండుసార్లు పెట్టినా ముద్ర పడలేదు.

"గిన్నెలు తోమే చేతులకి ఇంతేనండి, గీతలు అరిగిపోతాయి. ఎడం చెయ్యి పెట్టండి."

ఎడం చేతి బొటనవేలికి మిషను ఒప్పుకుంది. "ఇంట్లోవాళ్ల నంబరొకటి చెప్పండి, సారుది" అందామె. ఇక్కడ కూడానా! నాగదుర్గ చిరాగ్గా లైబ్రరీ ల్యాండ్‌లైన్ నంబరు చెప్పింది.

టేబుల్ సొరుగులో ఎన్నాళ్ల నుంచో పడి ఉన్న బటన్ ఫోన్‌లో కొత్త సిమ్ము వేసింది. ఆ ఫోన్ ఇక ఆ సొరుగులోనే ఉంటుంది. తాళంచెవి ఆవిడ జాకెట్లో ఉంటుంది. పావని ఒక్కో పేరూ చదువుతుంటే, మొగుడి నంబరు తీసేసి కొత్తది కొడుతూ పోయింది. పావని, రమాదేవి, సాయిప్రసన్న, రత్నమాణిక్యం... తన పేరు కూడా కలిపితే నలభై నలుగురు. ఐదు కావస్తుండగా చివరి నంబరు పడింది. వెంటనే తెర మీద ప్రశ్న వచ్చింది. వీరందరూ ఒకే కుటుంబమా?

ఇరవై రెండేళ్లలో ఆవిడ రిజిస్టర్లో ఒక్క అబద్ధం రాయలేదు. ఇదీ అబద్ధమనిపించలేదు. అవును అని నొక్కింది.

"ఇంకేదో అడుగుతోందండి" అంది పావని కంగారుగా. "కుటుంబ పెద్ద పేరంటండి. ఎవరిది రాస్తారండి?"

నాగదుర్గ తన పేరు రాసింది.