తోజీఖాన్ అక్క పాడిన డబ్బు పాట

ఆ ఏడాది మా లోయలో, మార్గిలాన్ ఊళ్లో డబ్బు పాట వినబడని ఇల్లు లేదు. తాష్కెంట్ కుర్రాడెవడో పాడాడు. రొట్టెల కొట్లో అదే, బస్సులో అదే. "డబ్బుంటే బావ, డబ్బుంటే బామ్మర్ది" అని చరణం, "పుల్, పుల్, పుల్" అని పల్లవి. పుల్ అంటే మా భాషలో డబ్బే. నన్నడిగితే అంతకు మించి అందులో సరుకు లేదు. కానీ పెళ్లిళ్లలో పాడే మాలాంటి ఆడవాళ్లకు అది తప్పదు. అది ఎత్తుకుంటేనే పేరంటాళ్లు లేచి ఆడతారు, నోట్లు తెచ్చి గాయని తలగుడ్డలో దోపుతారు.

మా జట్టులో గొంతు తోజీఖాన్ అక్కది, డప్పు నాది. ఆ చలికాలం అక్కకు మూతి ఒక పక్కకు లాగేసింది. పెదవులు కలవవు. 'ప' అనబోతే ఉఫ్‌మని గాలి పోతుంది. చలికాలమంతా ఇల్లు కదల్లేదు. ఈలోపు పిలుపులన్నీ వేరే వాళ్లకు పోయాయి. సబోహత్ గారి కొడుకు పెళ్లికి కబురొస్తే మాత్రం వెళ్దామంది అక్క. పాట పోతే తనకు ఇంకేమీ మిగలదని ఇద్దరికీ తెలుసు.

"నోరు మూసుకుని కూర్చోమంటావా? మూసుకుందామన్నా మూసుకోదే ఇది" అని నవ్వింది.

డబ్బు పాట జోలికి పోకూడదనుకున్నాం.

పెళ్లి మర్నాటి పొద్దున, కొత్తకోడలు ఒయిమ్చా గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్లకల్లా వంగి దండం పెడుతోంది. ఆ రోజు కోడలు నవ్వకూడదు. నవ్వితే పుట్టిల్లు ఎప్పుడు వదులుదామా అని కాచుక్కూర్చుందంటారు. పిల్ల రాయిలా నిలబడింది.

రెండు పాటలు గట్టెక్కాయి. ఇంతలో సబోహత్ ఆడబిడ్డ డబ్బు పాట లేనిదే కదలనివ్వనని పట్టుబట్టింది. నేను పాడతాలే అని అక్క చెవిలో అన్నాను.

"నువ్వు డప్పు కొట్టు, ఇనోబత్" అంది అక్క.

చరణం ఎలాగో నెట్టుకొచ్చింది. పల్లవి దగ్గర గాలి తుస్సుమంది. "టైరు పంక్చరైంది" అని ఎవరో అంటే అందరూ విరగబడి నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. అక్క మళ్లీ పల్లవి ఎత్తుకుంది. ఈసారి 'పుల్' అనలేదు, 'కుల్' అంది.

నా చెయ్యి ఆగిపోయింది. కుల్ అంటే బూడిద. కొత్తకోడలి ఎదుట బూడిద మాటా! సబోహత్ లేచి నిలబడింది.

"ఏం మాటమ్మా అది, గుమ్మంలో?"

అక్క కోడలి దగ్గరికి నడిచి, ఆ గెంతులాట పాటను జోలపాటంత నెమ్మది చేసింది. "కుల్, కెలిన్, కుల్." అప్పుడు వెలిగింది నాకు. నవ్వు అన్నా మాకు అదే మాట. నవ్వమ్మా కోడలా, నవ్వు. అమ్మను వదిలొచ్చావు, నవ్వు. నా వంకర మూతి చూసైనా నవ్వు.

ఒయిమ్చా కళ్లెత్తి చూసింది. నవ్వేసింది. వెంటనే వెక్కి వెక్కి ఏడ్చింది.

సబోహత్ వచ్చి కోడలి ముసుగు కాస్త పైకి తీసింది. "నవ్వు తల్లీ. నన్ను ఆ రోజు ఎవరూ నవ్వమనలేదు" అంది.

ఇన్నేళ్లుగా డప్పు కొడుతున్నాను. మనిషి గొంతు ఇంత పని చేస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

వేసవికల్లా అక్క మూతి సర్దుకుంది. ఈ లోయలో ఇప్పుడు ఏ పెళ్లిలోనైనా కోడలి ముందు ఆ పాటే, అదే మాటతో. మొన్న కొకాండ్‌లో ఒక కొత్త పిల్ల పాడుతుంటే విన్నాం. గొంతు బంగారం. 'కుల్' దగ్గరికి రాగానే మూతి కాస్త పక్కకు తిప్పింది, అలా పాడితేనే పాట పండుతుందట. అక్క వెళ్లి ఆ పిల్ల తలగుడ్డలో నోటు దోపింది.